టక్‌మన్నంత మాత్రాన

కొత్త బేలుం బండ్ల షెడ్డు, రోజువారీ నమోదు
రాస్తున్నది: తిక్కమ్మ, మెకానిక్కు

పొద్దు 418

రెండు బండ్లు చూశాను. ఒకదానికి గొలుసు వదులైంది, సరిచేశాను. ఇంకోదానికి ముందు చక్రం జాలీలో రాళ్లు ఇరుక్కున్నాయి, ఊడబెరికాను. మూడోదానికి చేయగలిగిందేమీ లేదు. అది ఉరుకుందమ్మ నడిపే బండి. మొన్న ఇరుకుసందులో ముందు చక్రం ఊడి పడిపోయింది. ముక్కలను టార్పాలిన్‌లో మూటగట్టి తెచ్చి షెడ్డు మూలన పడేశారు.

ఈ నమోదులో బండ్ల సంగతులు తప్ప సొంత మాటలు రాయకూడదని మా నిర్వాహకుడు శేషఫణి గారి ఆదేశం. వారానికోసారి తన గదికి తెప్పించుకుని ఆయనే చదువుతారు. చదవనివ్వండి. నాకు తిక్కమ్మ అని పేరు పెట్టింది మా అవ్వ. ఆ పేరు నిలబెట్టే పని నాది.

భూమి నుంచి కుజుడి మీదికి వచ్చి ఈ గుహల్లో కాపురం పెట్టిన మాకు మంచుగుంటే ప్రాణం. అక్కడ తవ్విన మంచుగడ్డలు ఇక్కడికి వచ్చి కరిగితేనే తాగడానికి నీళ్లు, పీల్చడానికి గాలి. దారిలో ఇరుకుసందు ఉంది. రెండు కొండల నడుమ, చేతులు చాపితే రెండు పక్కలా తగిలేంత సందు. నాలుగు చక్రాల బండి అందులో పట్టదు. అందుకే ఈ ఊరికి మోటారు సైకిళ్లే దిక్కు.

మొన్న ఉరుకుందమ్మ వెనక సీట్లో తవ్వకం పనివాడు బజారి కూర్చుని వస్తున్నాడు. చక్రం ఊడగానే బండి తలకిందులైంది. ఉరుకుందమ్మకు చేయి విరిగింది. బజారి హెల్మెట్ బండకు తగిలి పగిలింది. ఇక్కడ హెల్మెట్ పగిలిందంటే ఆ తర్వాత చెప్పడానికేమీ ఉండదు. అతనికి పెళ్లయి ఏడాది నిండలేదు.

నిన్న విచారణ జరిగింది. భోజనం చల్లారేలోపే ముగిసింది. 'దూకుడుగా నడపడం' అని తేల్చారు. ఉరుకుందమ్మ చేతిలోంచి బండి లాక్కుని ఆమెను పుట్టగొడుగుల గదికి పంపారు. ఊడిన చక్రాన్ని విచారణకు కూర్చున్నవాళ్లలో ఒక్కరైనా తాకి చూడలేదు. నన్ను పిలవలేదు. మద్దిలేటి మామనూ పిలవలేదు.

మద్దిలేటి మామ ఈ షెడ్డుకు పెద్ద. డోన్‌లో మోటారు సైకిళ్ల షెడ్డు నడిపి, కుజదోషం ఉన్న తనకు కుజుడి మీద కాక ఇంకెక్కడ చోటు దొరుకుతుందని నవ్వుకుంటూ మొదటి ఓడలోనే వచ్చేశాడు. బోల్టు ఎలా బిగించాలో నాకు నేర్పింది ఆయనే. మర దుమ్ము లేకుండా తుడవాలి. మొదటి చుట్లు వేళ్లతోనే ఎక్కించాలి, పానా పెట్టకూడదు. నాలుగు బోల్టులుంటే ఎదురెదురువి బిగించుకుంటూ పోవాలి, ఒక్కసారే పూర్తిగా కాదు, రెండు విడతల్లో. చివరికి టక్కు పానా. దాని పిడి దగ్గర అంకె పెట్టుకుంటే, బోల్టు అంత బిగువుకు రాగానే లోపల టక్‌మంటుంది. అక్కడ ఆపాలి. తక్కువైతే ఊడిపోతుంది, ఎక్కువైతే బోల్టు సాగి ఏదో ఒక రోజు తెగుతుంది. అలాంటి పానా ఈ ఊళ్లో ఒక్కటే ఉంది. అది పాడైతే ఇంకోటి భూమి నుంచి రావాలి.

ఉరుకుందమ్మ బండి ముందు చక్రాన్ని బిగించింది నేనే. నాలుగు బోల్టులూ టక్‌మన్నాయి. ఆ చప్పుడు నాకు గుర్తుంది. మరి చక్రం ఎందుకు ఊడింది?

పొద్దు 419

పని మొదలుపెట్టే ముందు పుట్టగొడుగుల గదికి వెళ్లాను. ఉరుకుందమ్మ ఒంటి చేత్తో ఎరువు కలుపుతోంది. ఆ గదిలో ఇంకా ఆరుగురున్నారు, ఒక్కరూ ఆమె పక్కన నిలబడలేదు. భోజనాల దగ్గరా అంతేనట. బజారి పెళ్లాం ఈరమ్మ ఎదురుపడినప్పుడల్లా గోడవైపు తిరిగి నిలబడుతోందట.

నన్ను చూడగానే ఏడుస్తుందనుకున్నాను. ఏడవలేదు. పళ్లు కొరుకుతూ మాట్లాడింది.

"నేను దూకుడుగా పోలేదక్కా. ఆ సందులో ఎవరన్నా దూకుడుగా పోతారా? నాకు మాత్రం పానం తీపి కాదా?"

బోల్టు మీది గీత సంగతి అడిగాను. బిగించిన ప్రతి బోల్టు మీదుగా, దాని పక్కనున్న ఇనుము మీదికి సాగేలా మేము తెల్లరంగు గీత గీస్తాం. బోల్టు కొంచెం తిరిగినా గీత రెండు ముక్కలై కనిపిస్తుంది. నడిపేవాళ్లు ఆగిన చోటల్లా ఆ గీత చూసుకోవాలి, జరిగితే శేషఫణి గారికి చెప్పాలి, ఆయన మాకు చెప్పాలి. మూడు నెలల కిందట వరకు మాకు కబురు అందేది. ఆ తర్వాత ఒక్కటీ రాలేదు. బండ్లు బాగున్నాయి కాబోలు అనుకున్నాం.

ఉరుకుందమ్మ నా మొహంలోకి చూసి, ఆ సంగతి నీకు తెలియనే తెలియదా అంది. తెలియదన్నాను.

"గీత జరిగిందని చెప్తే నడిపినోళ్లదే తప్పని మా నీళ్ల వంతు కోస్తాండారు. మాతో తోలే లింగన్నకు రెండు తూర్లు కోసినారు. ఇంగెవరు చెప్తారు? అందరం ఒక్కో రంగు డబ్బీ జేబులో పెట్టుకున్యాం. జరిగితే మేమే మళ్లీ గీసుకుంటాండాం."

కోత వేసింది శేషఫణి గారట. షెడ్డుకు ఆ ముక్క చెప్పాలని ఆయనకు తోచలేదు. బోల్టులు వదులవుతున్నాయన్న మాట మొదట తెలియాల్సింది మాకు. తెలిసింది ఆయనకు. ఆయన దాన్ని క్రమశిక్షణ సంగతిగా తీసుకున్నాడు. గారు అని ఇంతవరకు రాశాను. ఇక రాయను.

షెడ్డుకు తిరిగొచ్చి మూట విప్పాను. షెడ్డులో గాలి ఉండదు, ఎప్పుడూ సూటు తొడుక్కుని మందపాటి గ్లౌజులతోనే పని. ఆ గ్లౌజుల్లో చేతికి బిగువు తెలియదు, పానాలోంచి చేతి మీదుగా పాకి చెవికి చేరే టక్‌మనడం ఒక్కటే తెలుస్తుంది. అందుకని వెనక చక్రం ముక్కను లోపలి గదిలోకి, గాలి ఉన్న చోటికి మోసుకొచ్చాను. గ్లౌజులు తీసేసి పొట్టి పానా పెట్టాను. పడిన దెబ్బ ఈ వైపు తగల్లేదు, బోల్టులు బిగించినవి బిగించినట్టే ఉన్నాయి. ఒక్క తోపుకు ఊడొచ్చాయి. ఊరగాయ జాడీ మూత ఇంతకంటే గట్టిగా ఉంటుంది.

కొత్త బోల్టు తీసుకుని, మర తుడిచి, టక్కు పానాతో అంకె పెట్టి బిగించాను. టక్‌మంది. తర్వాత మామూలు పానా పెట్టి లాగాను. బోల్టు ఇంకా తిరిగింది. ఇంకా తిరిగింది.

టక్‌మన్నంత మాత్రాన బిగిసినట్టు కాదు. పానా అబద్ధం చెబుతోంది. మూడు నెలలుగా.

పొద్దు 420

మద్దిలేటి మామను లోపలి గదికి పిలిచి చేసి చూపించాను. ఆయన నమ్మలేదు. మూడు నెలల కిందట ఈ పానా అటక మీది నుంచి కింద పడిందని, కింద పడితే సరిచూసుకోవాలని పుస్తకంలో ఉంది కాబట్టి తానే సరిచూశానని చెప్పాడు. చూస్తే మరీ దారుణంగా తప్పిందట. పుస్తకం చెప్పిన బరువు తగిలించినా టక్‌మనలేదట. టక్‌మనే వరకు లోపలి మరను తిప్పి దారికి తెచ్చాడట.

ఎలా చేశావో చేసి చూపించమన్నాను. పానా తలను బల్లకు బిగించిన శ్రావణంలో ఇరికించి, పిడి అడ్డంగా ఉండేలా పెట్టాడు. పిడి చివర పది కిలోల ఇనుప గుళ్ల సంచి తగిలించాడు. పానా టక్‌మంది.

"పుస్తకంలో ఎట్లుందో అట్లనే చేసినా పాపా. ఒక్క అక్షరం తప్పలే."

ఆ పుస్తకం భూమి మీద అచ్చయింది. నేను సంచి వైపు చూపించాను.

"ఈ సంచి ఈడ ఎంత తూగుతుంది మామా?"

"పది కి..."

భూమి మీద ఇద్దరు పట్టాల్సిన బండిని ఇక్కడ తానొక్కడే ఎత్తగలనని, వచ్చిపోయే వాళ్లందరికీ ఎత్తి చూపించి మురిసిపోయే మనిషి ఆయన. సంచిని కొక్కెం నుంచి తీశాడు. అరచేతిలో పెట్టుకుని మెల్లగా పైకీ కిందికీ ఊపాడు. ఇక్కడ పది కిలోల సంచి, భూమి మీది నాలుగు కిలోలంత కూడా లాగదు. అది లాగినంత చాలని పానాకు నేర్పాం. అప్పటి నుంచి బిగించిన ప్రతి బోల్టూ సగం బిగువు కూడా లేకుండా దారి మీదికి వెళ్లింది.

ఆయన తిరగేసిన చక్రం మీద కూలబడ్డాడు. బజారి పేరు మాత్రం రెండు మూడు సార్లు అన్నాడు. నాకు ఆయన మీద కోపం రావాల్సింది. రాలేదు. తప్పు జరిగింది, అది మనుషులకు జరిగేదే. కానీ తప్పు జరిగిందని మూడు నెలలుగా బోల్టులే అరిచి చెబుతున్నాయి. వాటి నోరు నొక్కినవాడు ఇంకొకడు.

ఇద్దరం శేషఫణి గదికి వెళ్లాం. ఆయన శ్రద్ధగా విన్నాడు, అది ఒప్పుకోవాలి. సంచి లెక్క ఒక్కసారి చెప్పగానే అర్థమైంది. చదువుకున్నవాడు, తెలివైనవాడు. అందుకే నాకు ఇంకా మండింది.

"మీరు చెప్పింది నిజమే కావచ్చు. ఇక్కడున్న బండ్లన్నిటికీ బోల్టులు మళ్లీ బిగించండి. ఎవరూ వద్దనరు. విషయం మాత్రం షెడ్డు దాటకూడదు."

మంచుగుంట దగ్గర మూడు బండ్లున్నాయని, రేపు పొద్దున్నే మంచు ఎత్తుకుని బయలుదేరతాయని గుర్తుచేశాను. ఇప్పుడే రేడియోలో చెప్పి ఆపండి, బిగించడానికి నేను వెళతాను అన్నాను. రేడియో ఆయన గదిలోనే ఉంది, ఆయన మోచేతి పక్కనే. అందులో మాట్లాడితే ఊళ్లో ప్రతి గదిలోనూ వినిపిస్తుంది. అదే ఆయన బాధ. విచారణ నివేదిక భూమికి వెళ్లిపోయిందన్నాడు. ఇప్పుడు మాట మారిస్తే పరువేం మిగులుతుందన్నాడు. జనం భయపడితే బండ్లు ఎవరు నడుపుతారు, నీళ్లెవరు తెస్తారు అన్నాడు. ఇన్నాళ్లూ రాలేదా, ఈ ఒక్కసారీ వస్తాయన్నాడు.

"ఉరుకుందమ్మ సంగతేంది సార్?" అని మామ అడిగాడు.

దానికి తర్వాత ఏదో ఒకటి చూద్దామన్నాడు.

తర్వాత నా కళ్లముందే రేడియో తీసుకుని, దారిలో గాలి ఎక్కువగా ఉంది, నెమ్మదిగా రండి అని మంచుగుంటకు చెప్పాడు. గాలి లేదు. ఈ రోజంతా దుమ్ము రేణువు కూడా కదల్లేదు. చెప్పడం అయ్యాక, చెప్పాల్సింది చెప్పాను కదా అన్నట్టు మా వైపు చూశాడు. ఆ చూపు మీద ఆ రేడియో విసిరికొట్టాలనిపించింది. మామ నా చేయి పట్టుకుని బయటికి లాక్కొచ్చాడు.

పొద్దు 421

తెల్లవారగానే పానాను సరిచేశాం. భూమి మీది పది కిలోలు లాగినంత లాగాలంటే ఇక్కడ ఇరవై ఆరు కిలోలు తగిలించాలి. సంచి మీద సంచి వేసి, మామ మరను వెనక్కి తిప్పుతూ పోయాడు. మంచుగుంట బండ్లకు ఎదురు వెళ్లడానికి ఒక బండికి బోల్టులన్నీ విప్పి, తుడిచి, మళ్లీ బిగించాను. ఈసారి గ్లౌజుల్లో కూడా భుజానికి బరువు తెలిసింది.

నేను బండ్లు బాగుచేసేదాన్నే గానీ నడిపేదాన్ని కాను. షెడ్డు చుట్టూ రెండు చక్కర్లు కొట్టి చూడడం తప్ప దారి ఎక్కింది లేదు. అయినా వెళ్తున్నానని తెలిసి ఉరుకుందమ్మే వచ్చింది. విరిగిన చేతిని సూటు లోపల ఛాతీకి కట్టుకుని, సూటు ఖాళీ చేతిని మడిచి పట్టీతో కట్టుకుంది. వద్దన్నాను. దారి నీకు తెలుసా అని అడిగింది. తెలియదు. వెనక సీటెక్కి కూర్చుంది.

గేటు తెరిచింది మద్దిలేటి మామ. అనుమతి కాగితం లేకుండా గేటు తెరిస్తే ఏమవుతుందో ఆయనకు తెలుసు.

నేను నడిపిన తీరు గురించి రాయకపోవడమే మంచిది. ఎడమ పక్క గుంత, కుడి పక్క రాయి, ఇప్పుడు నిదానం, ఇప్పుడు వదులు అని ఉరుకుందమ్మ చెవిలో చెబుతూనే ఉంది. ఇరుకుసందు లోపలికి వెళ్లాక ఆ గొంతు ఆగిపోయింది. ఒక చోట బండ మీద హెల్మెట్ రాసుకున్న తెల్లటి గీరు కనిపించింది. నా నడుము చుట్టూ ఉన్న ఆమె చేయి బిగుసుకుంది. నేను వేగం తగ్గించబోతే, పోనీ అక్కా, నిలపొద్దు అంది.

సందు దాటాక మైదానంలో మూడు బండ్లూ ఎదురొచ్చాయి. నెమ్మదిగానే వస్తున్నాయి. నేను అడ్డంగా ఆపి దిగాను. ముందు లింగన్న ఉన్నాడు, నడిపేవాళ్లందరిలో పాతవాడు. ఏమైందని అడుగుతుండగానే ఆయన బండి ముందు చక్రం దగ్గర కూర్చున్నాను. పానా పెట్టనే లేదు. గ్లౌజు వేళ్లతో పట్టి తిప్పితే బోల్టు తిరిగింది. రెండో బండి పర్వాలేదు. మూడో బండికి నాలుగు బోల్టుల్లో ఒకటి లేనే లేదు, ఎక్కడో దారిలో రాలిపోయింది. మిగిలిన మూడింటి మీదా తెల్ల గీతలు తళతళా మెరుస్తున్నాయి, అప్పుడే గీసినట్టు.

ఆ బండి ఇంకొక్క గంటలో ఇరుకుసందులో ఉండేది.

అక్కడే కూర్చుని ఒక్కో బోల్టూ బిగించాను. బిగిస్తూనే అంతా చెప్పాను. పానా పడడం, సంచి, నిన్న శేషఫణి గదిలో జరిగింది, గాలి అబద్ధం. హెల్మెట్ రేడియోలో ముగ్గురి శ్వాసా వినిపిస్తోంది. నేను లేచాక లింగన్న అడిగాడు.

"నిన్ననే తెల్సునా ఆయప్పకు?"

"నిన్ననే."

లింగన్న జేబులోంచి రంగు డబ్బీ తీసి, దాన్ని కాసేపు చూసి, మైదానంలోకి విసిరేశాడు. ఇక్కడ విసిరిన వస్తువు చాలా దూరం పోతుంది.

పొద్దు 422

భోజనాల గదిలో అందరినీ పోగుచేశారు. పోగుచేయక తప్పలేదు, లింగన్న వాళ్లు గేటు దగ్గర నుంచే చెప్పుకుంటూ వచ్చారు. శేషఫణి ఒక కాగితం చదివాడు. కొన్ని సాంకేతిక కారణాల వల్ల బిగింపులో లోపం ఏర్పడిందని, దాన్ని గుర్తించి సరిచేయడం జరిగిందని, ఎవరూ ఆందోళన చెందనవసరం లేదని. లోపం ఏర్పడిందట. గుర్తించడం జరిగిందట. ఆ కాగితమంతా వెతికినా ఒక్క మనిషి లేడు.

ఉరుకుందమ్మ లేచింది.

"నేను దూకుడుగా తోలినానని రాసినప్పుడు నా పేరు రాస్తిరి గదా సార్. దీనికి పేరు లేదా?"

శేషఫణి కాగితం మడిచాడు. అప్పుడు వెనక నుంచి మద్దిలేటి మామ నడిచి ముందుకొచ్చాడు. ఈ చేతులే అన్నాడు. సంచి తగిలించింది, మర తిప్పింది తానేనని, భూమి మీద లేనన్న సంగతే మరిచిపోయానని, బజారి తన చేతుల మీదే పోయాడని. అంతా చెప్పి, చేతులు కట్టుకుని నిలబడ్డాడు.

ఈరమ్మ ఆయన దగ్గరికి వెళ్లింది. కొడుతుందనుకున్నాను.

"తెల్సి చేస్తివా?" అని అడిగింది.

"లేదు తల్లీ."

ఆమె శేషఫణి వైపు తిరిగింది.

"తెల్సినాంక నువ్వేం చేస్తివి?"

ఆయన మడిచిన కాగితాన్ని మళ్లీ విప్పాడు. ఈరమ్మ తన చోటికి తిరిగి వెళ్తూ, దారిలో ఉరుకుందమ్మ పక్కన ఆగింది. అక్కడే, ఆమె పక్కనే కూర్చుంది.

పొద్దు 423

ఉత్తర్వు వచ్చింది. మద్దిలేటిని షెడ్డు నుంచి తొలగించడమైనది. అనుమతి లేకుండా బండి తీసినందుకు తిక్కమ్మకు నెల రోజుల నీళ్ల కోత. కింద శేషఫణి సంతకం.

నేనే అన్నవాడికి శిక్ష. ఏమీ అననివాడికి కుర్చీ. ఇది చదివి నాకు ఎంత కోపం వచ్చిందంటే, షెడ్డులో పనిచేయలేకపోయాను. కోపంగా ఉన్నప్పుడు బోల్టు బిగించకూడదని నాకు నేర్పింది మామే. పానా బీరువాలో పెట్టి తాళం వేసి బయటికొచ్చాను.

బయట లింగన్న, తక్కిన నడిపేవాళ్లంతా నిలబడి ఉన్నారు. వాళ్లూ ఉత్తర్వు చదివారు. ఇవి జరిగేదాకా బండ్లు ఎక్కేది లేదని అప్పటికే తేల్చుకున్నారు. మద్దిలేటి షెడ్డుకు తిరిగి రావాలి. ఉరుకుందమ్మ మీద రాసింది కొట్టేసి భూమికి మళ్లీ పంపాలి. గీత జరిగిందని చెబితే కోత ఉండకూడదు. ఇంకొకటి కూడా ఉంది, అది లింగన్న ఆలోచన. బండి బాగుందని సంతకం పెట్టే నిర్వాహకుడు, ఆ బండి వెనక సీట్లో మంచుగుంట దాకా ఒక్కసారి పోయి రావాలి.

పొద్దు 426

ఊరి తొట్టిలో నీళ్లు మోకాలి మట్టానికి దిగాయి. బట్టలు ఉతకడం ఆపేశారు. కొందరు మమ్మల్నే తిడుతున్నారు, పంతానికి పోయి పిల్లల గొంతు ఎండగడుతున్నామని. పుట్టగొడుగుల గదిలో పనిచేసే ఒకామె నా మొహం మీదే అంది. నేను తిరిగి అరవబోయాను. ఆమె చంకలో బిడ్డ ఉంది. ఏమీ అనకుండా వచ్చేశాను. ఈ కోపాన్ని ఎక్కడ పెట్టుకోవాలో తెలియడం లేదు. నీళ్లు లేకపోతే ముందు ఎండేది ఆ బిడ్డ నాలుకే, శేషఫణిది కాదు. అది నాకూ తెలుసు, లింగన్నకూ తెలుసు. రేపటి దాకా చూద్దామన్నాడు. రేపు కూడా లొంగకపోతే మేమే లొంగిపోవాలి. అది తలుచుకుంటేనే పళ్లు పటపటమంటున్నాయి.

పొద్దు 427

లొంగాడు. పొద్దున్నే మూడు కాగితాల మీద సంతకాలు పెట్టి, సూటు తొడుక్కుని షెడ్డుకు వచ్చాడు. మామ అప్పటికే వచ్చి బీరువా దగ్గర నిలబడి ఉన్నాడు. లింగన్న బండి తుడుస్తున్నాడు.

శేషఫణి బండి చుట్టూ ఒకసారి తిరిగాడు. ముందు చక్రం దగ్గర ఆగాడు. ఈ షెడ్డుకు ఆయన రావడం నాకు తెలిసి ఇదే మొదలు.

"సరిగ్గా బిగించారు కదా?" అని అడిగాడు.

గొంతులో అధికారం లేదు. భయపడే మనిషి గొంతు. ఆ మాటకు నా దగ్గర చాలా జవాబులున్నాయి. పానా తెచ్చి ఆయన చేతిలో పెట్టాను. ఎలా పట్టుకోవాలో తెలియక నడిమధ్యన పట్టుకున్నాడు. మామ వచ్చి, చేయి పిడి చివరికి జరిపి, మెల్లగా లాగండి, కుదపొద్దు అని చెప్పాడు. ఎదురెదురుగా నాలుగు బోల్టులూ శేషఫణి తానే సరిచూసుకున్నాడు. అయినా ఇంకోసారి మొదటిదాని దగ్గరికి వచ్చాడు. చాలు సార్, ఎక్కువ లాగితే తెగుతుంది అని మామ ఆపాడు.

వెళ్లారు. సాయంత్రానికి మంచుతో తిరిగొచ్చారు. శేషఫణి ఎవరి వైపూ చూడకుండా తన గదికి వెళ్లిపోయాడు.

భోజనాల దగ్గర లింగన్న చెప్పాడు. ఇరుకుసందు మొదట్లోనే శేషఫణి బండి ఆపమన్నాడట. దిగాడట. సందు పొడుగునా గోడ పట్టుకుని నడిచి, అవతల మళ్లీ ఎక్కాడట. వచ్చేటప్పుడూ అంతేనట. లింగన్న ఆ నడక చేసి చూపించాడు. గదంతా నవ్వింది. ఉరుకుందమ్మ కూడా, చాలా రోజుల తర్వాత.

నాకు నవ్వు రాలేదు. ఈరమ్మ కూడా నవ్వలేదు, పళ్లెం వైపే చూస్తూ కూర్చుంది. తన చేత్తో తాను సరిచూసుకున్న బండి. నాలుగు బోల్టులూ గట్టిగా ఉన్న బండి. దాని మీద ఆ సందు దాటడానికి ఆయనకు ధైర్యం చాలలేదు. బోల్టు రాలిపోయిన బండి మీద మనుషుల్ని అదే సందులోకి రమ్మన్నాడు. నెమ్మదిగా రమ్మన్నాడు.

దిగి నడవచ్చని బజారికి ఎవరూ చెప్పలేదు.